ఇంటిపేరు చెప్పని డ్రైవరు

కొత్త డ్రైవరును పెట్టుకున్నప్పుడల్లా కంప్యూటరులో ఒక ఫారం నింపాలి. పేరు, లైసెన్సు నంబరు, రక్తం గ్రూపు అన్నీ గబగబా అయిపోతాయి. రెండో పేజీలో ‘ఇంతకు ముందు ఏదైనా కేసు ఉందా’ అని ఒక గడి ఉంటుంది. ఎదురుగా నిలబడ్డవాడు ఎవడైనా సరే ‘లేదు’ అంటాడు. నేను ‘లేదు’ అని కొట్టేస్తాను. పోయిన వారం కూడా అలాగే కొట్టాను. కొట్టాక మాత్రం చాలాసేపు మూడో పేజీకి పోలేకపోయాను. అడగకముందే ‘ఉంది’ అని చెప్పిన మనిషిని ఇన్నేళ్లలో నేను ఒక్కణ్ణే చూశాను.

ఆయన గురించే ఇది. తెలుగులో రాయడానికి కారణం భాషాభిమానమేమీ కాదు. పొల్లాచ్చి దగ్గర మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం గానీ, చదవడం నాకొక్కదానికే వచ్చు. కోయంబత్తూరులో మా అమ్మ పట్టుబట్టి నేర్పింది, నేను ఏడుస్తూ నేర్చుకున్నాను. ఇన్నాళ్లకు అది పనికొచ్చింది. ఈ కాగితాలు భోజనాల బల్ల మీద వదిలేసినా మా ఇంట్లో ఎవరికీ అర్థం కావు. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

మాది ఎండుకొబ్బరి వ్యాపారం. కొబ్బరిచిప్పలు ఎండబెట్టే పెద్ద కళ్లం, దాని పక్కన గోదాము, మూడు లారీలు, ఒక చిన్న ఆఫీసు. మా ఆయన మిల్లు పని మీద వారంలో ఐదురోజులు కోయంబత్తూరులోనే ఉంటారు కాబట్టి ఆఫీసులో మా మామగారూ నేనూ ఎదురెదురుగా కూర్చుంటాం. ఎవరిని పనిలో పెట్టుకోవాలన్నా మాటలు మామగారివి, రాతలు నావి.

ఆయన మొదటిసారి వచ్చింది మధ్యాహ్నం భోజనాల వేళ. యాభై దాటిన మనిషి. బక్కగా, కాస్త వంగి ఉన్నాడు. అందరూ పెన్ను పెట్టుకునే చోట, చొక్కా జేబుకు, గోనెసంచులు కుట్టే పొడుగాటి సూది గుచ్చుకుని ఉన్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో లైసెన్సు. మామగారు అరవంలో కూర్చోమన్నారు. ఆయన కూర్చోలేదు. నిలబడే, అరవంలోనే, అప్పగించినట్టు చెప్పాడు. తను జైలుకు పోయి వచ్చిన మనిషినని, తోలుకుపోతున్న పప్పుల లోడు దారిలో అమ్ముకున్నందుకు నాలుగేళ్లు లోపల ఉన్నానని. ఇది విన్నాక కూడా కూర్చోమంటే కూర్చుంటానన్నాడు.

 మామగారు నా వైపు తిరిగి తెలుగులోకి దిగారు. ఇది మా అందరికీ పుట్టుకతో వచ్చిన అలవాటు. బ్యాంకులో గానీ, డాక్టరు దగ్గర గానీ, బేరం చేసే చోట గానీ పక్కవాడికి తెలియకూడని మాట ఉంటే చటుక్కున ఇంటి భాషలోకి మారిపోతాం. వందల ఏళ్లు పరాయి ఊళ్లో ఈ భాషను కాపాడుకున్నామని మా పెద్దలు పెళ్లిళ్లలో మైకు పట్టుకుని మురిసిపోతారు. మేం దాన్ని ఎక్కువగా వాడింది మాత్రం ఇందుకే.

“కోపంలో ఒకణ్ణి నరికినోడంటే గూడా నమ్ముదాం పాపా,” అన్నారు మామగారు, ఆయన్ని చూసి చిరునవ్వు నవ్వుతూనే. “లోడు అమ్ముకున్నోణ్ణి ఎట్ల నమ్మేది? వీని చూపు చూడు. గోదాములోనే తిరుగుతుండాది.”

“కాఫీ ఇచ్చి పంపించేద్దాం మామా,” అన్నాను. “మళ్లీ చూద్దాం అని చెప్పండి.”

“కాఫీ ఏంటికి? ఒకసారి కాఫీ ఇస్తే రోజూ వచ్చి నిలబడతాడు.”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “నేనూ తెలుగోణ్ణే మొదలాళీ,” అన్నాడు, యజమానిని అరవంలో పిలిచే పిలుపుతో. “సాత్తూరు పక్క, కరిసలు కాట్లో, అదే నల్లరేగడి నేలలో, వ్యవసాయం చేసేటోళ్లం. మీరు మాట్లాడేది ఊరకుండి వింటే అదీ దొంగతనమే గదా. అందుకని చెప్తుండాను.”

నేను మూడేళ్ల పిల్లలా చీర కొంగు నోట్లో పెట్టుకున్నాను. మామగారి ముఖం ఎర్రబడింది. ఆయనకు కోపం వస్తే పని పోతుంది, సిగ్గేస్తే పని దొరుకుతుంది. ఆరోజు సిగ్గేసింది. కాఫీ తెప్పించారు, ఈసారి పట్టుబట్టి కూర్చోబెట్టారు. ఆ తరువాత మావాళ్లెవరైనా కలిసినప్పుడు అడిగే మొదటి ప్రశ్న అడిగారు. “మీ ఇంటిపేరేంది?”

మా వైపు ఇంటిపేరు కాగితాల మీద ఉండదు. లైసెన్సులోనూ రేషను కార్డులోనూ తండ్రి పేరులోని ఒక్క అక్షరమే ఉంటుంది. ఇంటిపేరు నోళ్లలోనే బతుకుతుంది. అది చెబితే చాలు, ఎవరు ఎవరికి ఏమవుతారో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టాడు.

“అది వద్దు మొదలాళీ. ఊర్లో తమ్ముడు ఉండాడు, వాని పిల్లలు ఉండారు. ఆ పేరు వాళ్లకి కావలె. నాతో తిప్పుకోను.”

మామగారు మళ్లీ అడగలేదు. లైసెన్సు చూసి అసలు పేరు నేను రాసుకున్నాను గానీ, ఇంటిపేరునే దాచుకున్న మనిషి పేరు ఇక్కడ రాయడం నాకు మనసొప్పలేదు.

అలా చేరాడు, డ్రైవరుగా కాదు, కళ్లంలో పనివాడుగా. లారీ తోలడానికి పోలీసు సర్టిఫికెట్ కావాలి, అది రాగానే చూద్దాం అన్నారు మామగారు. సర్టిఫికెట్ వస్తే అందులో ఆ కేసే ఉంటుందని ముగ్గురికీ తెలుసు. మా ఇళ్లలో ఎవరూ ఎవరికీ ముఖం మీద లేదనరు. ‘చూద్దాం’ అంటారు. దానికి అర్థం లేదనే. ఆయనకూ అది తెలుసు, అయినా సరేనన్నాడు.

అంతకుముందు ఆయన తిరగని చోటు లేదట. కోయంబత్తూరు లారీ ఆఫీసులన్నీ తిరిగాడు. పెద్ద కంపెనీలు కాగితం చూసి పొమ్మన్నాయి, చిన్నవాళ్లు ముఖం చూసి పొమ్మన్నారు. మదురైలో మాట్టుతావణి మార్కెట్టులో ఒక కూరగాయల వ్యాపారి మాత్రం మూడు ట్రిప్పులు ఇచ్చాడట. నాలుగోదానికి ఎవరో గుర్తుపట్టి చెప్పారని పంపించేశాడు. “నేను ముందే చెప్పుంటిని గదా, ఆయనకి సరిగా చెవి వినబడలేదు పాపం,” అన్నాడు. ఆ పాపం ఎవరి మీదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎందుకు చేశావని ఒకసారి అడిగాను. తల్లి జబ్బో, చెల్లెలి పెళ్లో, యజమాని మోసమో, ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూశాను. ఆయన మీద జాలిపడటానికి నాకొక సాకు కావాల్సి వచ్చింది.

“ఆశ అమ్మా. అంతే,” అన్నాడు. “ఎవురూ చేయించలేదు. నేనే చేస్తి.”

మెత్తని మనిషేమీ కాదు. ఎత్తుకూలీలతో రోజూ తగవే. లోడు మీద తాళ్లు వదులుగా కడితే చాలు, “ఇది కట్టా, పెళ్లికూతురి జడా?” అని గొంతు చించుకునేవాడు. పొద్దున్నే వచ్చి నిలబడి ఉన్న లారీల తాళ్లను అరచేత్తో చరుస్తూ పోయేవాడు. ఒక్కో తాడు చప్పుడు విని, నచ్చకపోతే విప్పి మళ్లీ కట్టేవాడు. ఆ కట్టు మిగతా డ్రైవర్లకు విప్పడం చేతయ్యేది కాదు, వాళ్లు నా దగ్గరికి వచ్చి ఆయన్ని తిట్టిపోసేవాళ్లు.

మా కళ్లంలో పనిచేసే ఎవరి దవడైనా ఆడుతూనే ఉంటుంది. కొబ్బరి ముక్కలు నములుతూ పనిచేస్తారు, అది ఎవరమూ లెక్కపెట్టం. ఆయన మాత్రం ఒక్క ముక్క ముట్టేవాడు కాదు. ఒకసారి నేనే బలవంతంగా గుప్పెడు చేతిలో పోశాను. ఆయన అక్కడే, నా ఎదుటే నిలబడి, చివరి ముక్క దాకా నమిలి తిని, అరచేతులు దులుపుకుని అప్పుడు కదిలాడు. చేతిలో కొబ్బరితో నడుస్తూ ఎవరికంటా పడటం ఆయనకు ఇష్టం లేదు. ఆ సంగతి అర్థమయ్యేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆ తరువాత మళ్లీ ఎప్పుడూ ఇవ్వలేదు.

శుక్రవారం లారీలు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి కర్పూరం వెలిగిస్తారు. ఆ పని ఆయన ఎవరినీ చేయనిచ్చేవాడు కాదు. క్యాబిను లోపలికెక్కి స్టీరింగును గుడ్డతో తుడిచేవాడు. గుడ్డ లేకుండా దాన్ని తాకడం నేను చూడలేదు. దిగొచ్చి హారతి పళ్లెం నా ముందు పెట్టి, కర్పూరం కళ్లకద్దుకునే దాకా ఆగి అడిగేవాడు.

“ఏమమ్మా, చూస్తిరా?”

“చూద్దాం,” అనేదాన్ని.

ఏడాదిన్నర అలాగే గడిచింది. ఆ మనిషికి కావలసింది ఒక్కటే, మళ్లీ ఒక లోడు ఎక్కించుకుని, అది చేరాల్సిన చోట దించి, చీటీ మీద సంతకం తెచ్చుకోవడం. అది నాకు మొదటి శుక్రవారమే తెలుసు. ఇవ్వడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆ రోజు మాత్రం వేరే దారి లేకపోయింది. మామగారు కంటి ఆపరేషనుకు ఆసుపత్రిలో ఉన్నారు. ఒక లారీ పెరియకుళం పోయింది, ఇంకొకటి షెడ్డులో ఉంది. లోడు ఎక్కించిన మూడో లారీ డ్రైవరు పొద్దున్నే జ్వరంతో పడుకున్నాడు. సాయంత్రానికల్లా సరుకు మదురైలో నూనె మిల్లుకు చేరకపోతే ఆ మిల్లు వేరేవాళ్ల దగ్గర కొనేస్తుంది. తాళం తీసుకుని కళ్లంలోకి పోయాను.

“మదురై దాకా పోతారా?” అన్నాను. ఆయన్ని మీరు అనడం అదే మొదటిసారి.

ఆయన చేతులు కడుక్కుని వచ్చి తాళం తీసుకున్నాడు. చెప్పులు విప్పి, చేత్తో పట్టుకుని క్యాబిను ఎక్కాడు. సొంత ఫోను లేదు కాబట్టి బండితో పాటు ఇచ్చే ఫోను ఇచ్చాను. గేటు దాటేదాకా అద్దంలో వెనక్కి చూడలేదు. నాకు ఎంత సంతోషమేసిందంటే ఆ పూట కూలీలందరికీ బజ్జీలు తెప్పించాను.

ఆ సంతోషం పళని దాటేదాకా ఉంది. లారీ ఎక్కడుందో నా ఫోనులో నీలం చుక్కగా కనబడుతుంది. మిగతా డ్రైవర్లు పోతే రోజుకొకసారి చూసేదాన్ని. ఆరోజు ఫోను చేతిలోంచి దించలేదు. పళని దాటి కొంత దూరం పోయాక చుక్క ఆగింది. టీ తాగుతున్నాడనుకున్నాను. ఇరవై నిమిషాలైంది. ఫోను చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను. నలభై నిమిషాలైంది. చుట్టూ ఊరు లేదు, మిల్లు లేదు, ఒట్టి రోడ్డు. లోడు అమ్ముకున్నోణ్ణి ఎట్ల నమ్మేది అన్న మామగారి మాట చెవిలో మోగుతూనే ఉంది. రేపు ఆయన కంటికి కట్టుతో ఇంటికొస్తే ఏం చెప్పాలి?

పోలీసులకు ఫోను చేశాను. లారీ నంబరు చెప్పాను, ఆగిన చోటు చెప్పాను. డ్రైవరు మీద పాత దొంగతనం కేసుందని కూడా చెప్పాను. ఈ చివరిది వాళ్లు అడగలేదు.

అక్కడ జరిగింది ఇదీ. కొండ పక్కన గాలీ వానా ఒక్కసారిగా పట్టుకున్నాయి, టార్పాలిన్ నిలువునా చిరిగింది. ఎండుకొబ్బరి తడిస్తే బూజు పడుతుంది. ఆయన బండి పక్కకు తీసి, లోడు పైకెక్కి, జేబుకున్న సూదితో ఆ చిరుగు అంతా కుట్టాడు. ఫోను క్యాబినులో మోగుతూనే ఉంది. కుట్టి, తాళ్లు బిగించి దిగుతుండగా పోలీసులు వచ్చారు. ఆయన్ని రోడ్డు పక్కన నేల మీద కూర్చోబెట్టారు. బస్తాలు సరిపోయాయో లేదో చూడాలని తాళ్లు కోసి, టార్పాలిన్ తీసి, వానలో ఒక్కొక్కటే లెక్కపెట్టారు. అన్నీ ఉన్నాయి. పొమ్మన్నారు. కోసిన తాళ్లు ముడులేసుకుని, మళ్లీ కట్టుకుని, ఆయన మదురై పోయి సాయంత్రంలోపే లోడు దించాడు.

మరునాడు పొద్దున తిరిగొచ్చి మిల్లు చీటీ నా బల్ల మీద పెట్టాడు. పక్కన తాళం పెట్టాడు.

“పైవరస తడిసిందమ్మా. మిల్లోళ్లు చీటీలో రాసిచ్చినారు. నేను కుట్టినంతవరకు తడవలేదు, వాళ్లు విప్పినాకనే తడిసింది. అది మాత్రం చెప్పాలని వస్తి.”

“అన్నిసార్లు ఫోను చేశాను గదా. ఒక్కసారి ఎత్తుంటే...” అన్నాను. నా నోటికి ఆ సమయంలో అదే వచ్చింది.

“రెండు చేతులూ తార్పాయి మీద ఉండె.”

క్షమించమని అడగాలి. నాకు తెలుసు. అడుగుతానేమోనని ఆయన కాసేపు నిలబడ్డాడు కూడా. నేను చీటీ చదువుతున్నట్టు నటించాను. తలెత్తేసరికి గేటు దగ్గర ఉన్నాడు. గొంతెత్తితే వినబడేంత దూరమే.

మామగారికి ఆయనే పని మానేసి పోయాడని చెప్పాను. “సర్టిఫికెట్ రాలేదని కోపమేమో పాపం,” అన్నారు మామగారు. పైవరస తడవడానికి వాన కారణమైంది, అందరికీ సరిపోయింది.

అయిదారు నెలలకు ఒక మధ్యాహ్నం ఆఫీసు ఫోను మోగింది. మదురైలో లారీలు నడిపే ఒకాయన. మా వాళ్లే, మా ఆడపడుచు అత్తవారి వైపు చుట్టరికం ఉంది. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చారు.

“ఒకాయన పనికి వచ్చుండాడమ్మా. జైలుకి పోయొస్తినని ఆయనే చెప్తాడు. తక్కింది పొల్లాచ్చిలో మిమ్మల్ని అడగమంటాడు. బండి బాగా తోల్తాడా?”

“బాగా తోల్తాడు,” అన్నాను. “చెయ్యి శుభ్రం.”

“మరి అంత మంచోణ్ణి మీరేంటికి పంపించేస్తిరి?”

మామగారు ఎదురుగా కూర్చుని ఉన్నారు. ఆపరేషనయ్యాక ఆయనకు చెవులు కూడా బాగా పనిచేస్తున్నాయి. తల కొంచెం ఇటు తిప్పి వింటున్నారు. పోలీసుల మాట బయటపడితే ఆయనకు తెలుస్తుంది, ఆడపడుచుకు తెలుస్తుంది, పండగలకీ పెళ్లిళ్లకీ చెప్పుకుంటారు.

“మేము పంపలేదు,” అన్నాను. “ఆయనే పోయినాడు. ఏదో... సరిపడలేదు.”

“సరి సరి. అర్థమైందమ్మా,” అన్నారాయన గొంతు తగ్గించి. “మీరు నోరు విప్పి చెప్పలేరు. నేనే చూసుకుంటాను.”

అలా కాదండీ అనేలోపే పెట్టేశారు. వెంటనే మళ్లీ చేయొచ్చు. మామగారు ఎవరు పాపా అని అడిగారు, రాంగ్ నంబరు అన్నాను. అంతసేపు మాట్లాడాక రాంగ్ నంబరేమిటో ఆయన అడగలేదు. సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

మరునాడు మామగారు కళ్లు చూపించుకోవడానికి పోగానే మదురైకి ఫోను చేశాను. నీలం చుక్క దగ్గర మొదలుపెట్టి, పోలీసులకు నేను చెప్పిన మాటలూ, వాళ్లు అడగకుండానే నేను చెప్పినదీ, ఏదీ వదలకుండా చెప్పాను. దొంగతనం జరగలేదని, తప్పు నాదేనని చెప్పాను. ఆయన మధ్యలో అడ్డం రాకుండా విన్నారు.

“ఇది నిన్ననే చెప్పుంటే బాగుండునమ్మా,” అన్నారు. “పొద్దున్నే ఇంకొకనికి బండి ఇచ్చేస్తిని.”

“ఆయన ఎక్కడుంటాడో చెప్పండి. నేనే వచ్చి మాట్లాడతాను.”

“ఏమీ చెప్పిపోలేదు. నిన్న నేను మీకి ఫోను చేసేటప్పుడు ఎదురుగా టీకొట్టులో కూర్చునుండె. నేనే పోయి, కుదరదబ్బా అని చెప్తిని.”

“ఏమన్నాడు?”

“ఫోను ఎవురు తీసిరి, పెద్దాయనా, కోడలమ్మా అని అడిగినాడు. కోడలమ్మ అని చెప్తిని. సరి అని సంచి తీసుకుని లేచినాడు.”